బోర్డు చెరిపేసే ముందు: పాత దుకాణం, పాత టాకీసు చరిత్ర రాసుకునే పద్ధతి

నల్లగొండలో ముప్పై ఏళ్లు బోర్డులు రాశాను. ప్రకాశం బజారులో బట్టల దుకాణాలు, గడియారం సెంటర్ చుట్టుపక్కల చెప్పుల షాపులు, టాకీసు గోడ మీద క్లాసుల రేట్లు, అన్నీ రాసిన చెయ్యి ఇది. ఇప్పుడు ఫ్లెక్సీలు వచ్చాయి, పాత కట్టడాలు కూలుతున్నాయి. మీ వీధిలో పాత దుకాణమో, మూతబడ్డ సినిమా హాలో ఉంటే దాని చరిత్ర మీరే రాసిపెట్టండి.

పోగానే యజమానిని "ఎప్పుడు పెట్టారు?" అని అడగకండి. "మా తాత కాలంల" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. కాగితాలు అడగండి. పాత బిల్లు బుక్కు, బట్టల సంచి, గల్లాపెట్టె వెనక వేలాడే క్యాలెండరు, ఏదైనా సరే. తేదీ లేకపోయినా కాలం తెలుస్తుంది. అడ్రసులో 508001 అని పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయిందే. పిన్ కోడ్ మొదలైంది ఆ రోజు. ధర అణాల్లో ఉంటే బహుశా 1957కు ముందుది. ఆ ఏడాది ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. కానీ జనం నోట్లో అణాలు ఇంకా కొన్నేళ్లు నడిచాయి, ఆ ఒక్కదాన్నే పట్టుకోవద్దు.

ఉర్దూ కాగితం దొరికితే చదివేవాళ్ల దగ్గరికి తీసుకుపొండి. నిజాం కాలం దస్తావేజుల్లో ఫసలీ సంవత్సరం, అంటే అప్పటి సర్కారు లెక్క ఏడాది ఉంటుంది, ఇంగ్లీషు ఏడాది కావాలంటే దానికి 590 కలపాలి. 1350 ఫసలీ అంటే 1940-41. డబ్బు "హాలీ" అని ఉందా, "కల్దార్" అని ఉందా చూడండి. హాలీ హైదరాబాదు రూపాయి, కల్దార్ బ్రిటిష్ రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు.

ఇక బోర్డు. ఒకసారి చెప్పుల దుకాణం రేకు బోర్డు మళ్లీ రాయమని తెచ్చారు. ఎమరీ పేపరుతో రుద్దుతుంటే పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద నీలం మీద తెల్లటి ఉర్దూ అక్షరాలు, పక్కన "ఫోన్ 47" తేలాయి. సాయంత్రానికి ఇవ్వాలన్న టెన్షన్‌లో ఎక్కడా రాసుకోకుండా ప్రైమర్ కొట్టేశాను. ఆ దుకాణం మొదటి పేరేమిటో చెప్పేవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. ఆ బాధ నాకు పోలేదు. అందుకే చెబుతున్నా, ప్రతి పొరకూ ఒక ఫోటో తీయండి. రుద్దే వీలు లేకపోతే పొద్దున్నే ఏటవాలు ఎండలో తీయండి, కింది అక్షరాల అంచులకు నీడ పడి కనిపిస్తాయి.

టాకీసు సంగతికి ఓనరు కన్నా ఆపరేటరు, గేటు దగ్గర టికెట్లు చింపినాయన మేలు. వాళ్లకు ఏళ్లు గుర్తుండవు, పని గుర్తుంటుంది. "కాకా, కార్బన్ కడ్డీలు ఎన్ని నిమిషాలకు జరిపేటోళ్లు? బల్బు ఎప్పుడు పెట్టిన్రు? నేల క్లాసు తీసేసి బెంచీలు ఏసినప్పుడు ఏ సినిమా ఆడుతుండె?" అని అడగండి. పాత ప్రొజెక్టర్లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మండించేవాళ్లు, తర్వాత వాటి చోట బల్బు వచ్చింది. సినిమా పేరు చెప్తే చాలు, ఏడాది మనమే వెతుక్కోవచ్చు. రీలు మార్పు సంగతి కూడా అడగండి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలే.

1955 నాటి సినిమాల చట్టం కింద హాలుకు లైసెన్సు ఉండాలి, దాన్ని బి-ఫారం అంటారు. సూర్యాపేట, భువనగిరి 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలోవే. వనపర్తి, గద్వాల కూడా అప్పటిదాకా మహబూబ్‌నగర్‌లోవి. కాబట్టి ఆ లైసెన్సు ఫైలు కోసం పాత జిల్లా కేంద్రంలో కూడా అడగండి.

పాత ఫోటో ఇస్తే ఫోన్‌తో తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయండి. ఒప్పుకుంటే దాని వెనక అందులో ఉన్నవాళ్ల పేర్లు పెన్సిల్‌తో మెల్లగా రాయండి. పెన్ను వాడొద్దు, ఇంకు ముఖాల మీదికి దిగుతుంది.