దమన్‌జోడి అల్యూమినాలో పరమాణువులెన్ని? మోల్ లెక్క ఎలా వేయాలి?

కొరాపుట్, రాయగడ వైపు మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలో చదువుతారు. కెమిస్ట్రీకి అదేమీ అడ్డు కాదు. అణువు, పరమాణువు రెండు భాషల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. టెన్షన్ పెట్టేది మోల్.

ఆవాలు ఎవరూ గింజలు లెక్కపెట్టి అమ్మరు, తూకం వేస్తారు. ఒక్క గింజ బరువు తెలిస్తే కిలోకు ఎన్ని గింజలో చెప్పేయొచ్చు. మోల్ కూడా అలాంటిదే. డజను అంటే 12, మోల్ అంటే 6.022 × 10²³. ఇదే అవొగాడ్రో సంఖ్య.

కొరాపుట్ జిల్లాలోని పంచపట్‌మాలి కొండ బాక్సైట్ నుంచి దమన్‌జోడిలో అల్యూమినియం కంపెనీ నాల్కో తీసే తెల్లటి పొడి అల్యూమినా. 51 గ్రాములు తీసుకుందాం. దాని ఫార్ములాలో అల్యూమినియం 2, ఆక్సిజన్ 3.

ముందు ఫార్ములా బరువు, అంటే అందులోని పరమాణువుల భారాల మొత్తం, కట్టాలి. అల్యూమినియం పరమాణు భారం 27, ఆక్సిజన్‌ది 16. అల్యూమినియం 27 × 2 = 54, ఆక్సిజన్ 16 × 3 = 48, మొత్తం 102. అంటే 102 గ్రాములు ఒక మోల్.

తర్వాత ఉన్న గ్రాములను దానితో భాగించాలి. 51 ÷ 102 = 0.5 మోల్.

దీన్ని అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే 3.011 × 10²³. చాలామంది ఇక్కడే ఆగిపోయి మార్కులు పోగొట్టుకుంటారు. ఇది పరమాణువుల సంఖ్య కాదు, ఫార్ములా యూనిట్ల సంఖ్య. ఒక్కో యూనిట్‌లో 5 పరమాణువులున్నాయి కాబట్టి అల్యూమినియం 6.022 × 10²³, ఆక్సిజన్ 9.033 × 10²³, రెండూ కలిపి 1.5055 × 10²⁴. ఏ పరమాణువులు అడిగారో ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసుకోండి.

ఫార్ములాలో బ్రాకెట్ ఉంటే ఇంకాస్త జాగ్రత్త. తాంబూలంలో రాసే సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. అందులో ఆక్సిజన్, హైడ్రోజన్ బ్రాకెట్‌లో ఉంటాయి, బయట 2 ఉంటుంది. ఆ 2 లోపలున్న రెండింటికీ వర్తిస్తుంది. 40 + 2 × (16 + 1) = 74. హైడ్రోజన్‌ను మాత్రమే రెట్టింపు చేస్తే 58 వస్తుంది, అది తప్పు. నీళ్లు కలపని పొడి 7.4 గ్రాములుంటే 0.1 మోల్. యూనిట్‌కు 5 పరమాణువులు కాబట్టి మొత్తం 3.011 × 10²³.

వెనక్కి కూడా వెళ్లొచ్చు. నీళ్లలో ఆక్సిజన్ పరమాణువులు 1.2044 × 10²⁴ ఉన్నాయంటే అవి 2 మోల్‌లు. ఒక్కో నీటి అణువులో ఆక్సిజన్ ఒక్కటే కాబట్టి నీళ్లూ 2 మోల్‌లే, 2 × 18 = 36 గ్రాములు.