పిడుదులు, దారప్పోగులు, దీపావళి: ఇంట్లో కుక్కనీ పిల్లినీ చూసుకునే పద్ధతి

విజయవాడ పటమటలో మాది బ్లౌజులు కుట్టే షాపు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. గంగులు అనే ఊరకుక్క, చిన్నోడు అనే మగపిల్లి మాతోనే ఉంటారు. కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్లు జాకెట్టు మెడ సంగతి పక్కనపెట్టి వీళ్ల గురించే అడుగుతుంటారు. ఏ షాంపూ వాడతావు, ఏ బిస్కెట్లు కొంటావు అని. కొనే సరుకు గురించి నేను చెప్పేది తక్కువే. కుక్కకి కోటు, పిల్లికి బొమ్మల ఇల్లు లేకపోయినా ఏమీ కాదు. టీకాలు, మంచినీళ్లు, పిడుదుల మందు మాత్రం ఉండాలి. వాటితోపాటు రోజూ ఒళ్లంతా తడిమి చూడటం. ఈ చివరిదానికి పైసా ఖర్చు లేదు, అందుకే కాబోలు ఎవరూ పట్టించుకోరు.

రాత్రి తడమడం

షాపు మూసి, అన్నాలయ్యాక నేలమీద కూర్చుంటాను. తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా వెంట్రుకలకి ఎదురుగా వేళ్లు పోనిస్తాను. చెవి లోపల, చెవి వెనక మడత, గదవ కింద, చంకలు, తొడల సందు, కాలివేళ్ల మధ్య, తోక కింద. పిడుదులు దాక్కునేది ఇక్కడే. గడ్డలు, పుండ్లు, అరికాల్లో దిగిన ముళ్లు దొరికేదీ ఇప్పుడే.

తర్వాత పెదవి ఎత్తి చిగుళ్లు చూడాలి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. కొన్ని కుక్కలకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలి రంగు చూసుకోవచ్చు. మంచి నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. మామూలుగా 30 దాటకూడదు. పక్కటెముకలు చేతికి తగలాలి, కానీ గుచ్చుకోకూడదు. ఎంత తడిమినా ఎముక తెలియలేదంటే అన్నం తగ్గించాల్సిందే.

రోజూ చూస్తే మన జంతువుకి ఏది మామూలో చేతికి తెలిసిపోతుంది. తేడా వచ్చిన రోజు డాక్టర్‌కి "ఎందుకో డల్‌గా ఉన్నాడండీ" అనకుండా "నిన్నటిదాకా లేదు, ఇవాళ ఎడమ చంకలో గడ్డ తగిలింది" అని చెప్పగలం. నోరు తెరవడం, కాలు పట్టుకోవడం అలవాటైన కుక్క ఆసుపత్రి బల్ల మీద కూడా గోల చెయ్యదు.

పెద్దయ్యాక ఇంటికొచ్చిన కుక్కయితే మొదటిరోజే పాదాలు పట్టుకోకండి. ఛాతీ, మెడ పక్కన నిమరండి. అది చాలనుకునేలోపే మీరు ఆపెయ్యండి. నిద్ర రాకుండానే ఆవులించినా, ఊరికే పెదాలు నాక్కున్నా, మొహం తిప్పేసుకుని ఓరకంట తెల్లగుడ్డు కనపడేలా చూసినా ఇబ్బంది పడుతోందన్నమాట. గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం తప్పని నేర్చుకున్న కుక్క ఈసారి చెప్పకుండా కరుస్తుంది. పిల్లయితే తోక టపటపా కొడుతుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది. అప్పుడు చెయ్యి తీసెయ్యడమే.

పిడుదులు

మన వాతావరణంలో కుక్కలకి పెద్ద శత్రువులు ఇవే. కుక్క ఒంటి మీద కనపడేవి కొన్నే. మిగతావి మంచం కోళ్ల సందులో, గోడ పగుళ్లలో, గుమ్మం చెక్క వెనక ఉంటాయి. కడుపునిండా రక్తం తాగిన ఆడ పిడుదు కిందపడి అలాంటి చోట వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే స్నానం చేయించి ఏరేసినా పదిరోజులకి మళ్లీ ప్రత్యక్షమవుతాయి. కుక్కకి మందు, ఇంటికి శుభ్రం ఒకేసారి జరగాలి. పడుకునే గుడ్డ వేడినీళ్లలో ఉతకండి. పగుళ్లు సిమెంటుతో మూయించండి.

ఒకటి కనపడితే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. సబ్బునీళ్లలో వెయ్యండి. గోళ్లతో చిదమకండి. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం మా అత్తగారి కాలం వైద్యం. దానివల్ల పిడుదు లోపలున్న రోగాన్ని మరింతగా కుక్క ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది.

మందుల్లో మెడ మీద చుక్కలు వేసేవి, నెలకోసారి మింగించేవి, దాదాపు మూడు నెలలు పనిచేసేవి ఉన్నాయి. బరువుని బట్టి డాక్టరే రాయాలి. కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పండి. పశువులకి కొట్టే మందు తెచ్చి అందాజుగా కలిపి పూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకో జాగ్రత్త: కుక్కల కోసం చేసిన చుక్కల మందుల్లో కొన్నింట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. కుక్కకి వేసిన మందు ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకూడదు.

అన్నం మానేసి, జ్వరం వచ్చి, చిగుళ్లు పాలిపోతే టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం అని అనుమానించాలి. ముక్కులోంచి రక్తం కారినా, పొట్ట మీద ఎర్రటి చుక్కలు వచ్చినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. మందు వారాల తరబడి వాడమంటారు. నాలుగోరోజుకి తోక ఊపిందని ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

రోహిణి కార్తెలో

విజయవాడ ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి అరికాళ్ల దగ్గర కొంచెం పడుతుంది, అంతే. మిగతా వేడి నాలుక చాపి ఎగరొప్పుతూ వదులుకోవాల్సిందే. పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కలకి ఆ దారి కూడా ఇరుకే.

వేసవిలో షికారు తెల్లారకముందో, రాత్రి ఎనిమిది దాటాకో. బయల్దేరేముందు అరచేతి వెనకభాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే దాని కాళ్లూ ఉండలేవు. నీళ్లు వెడల్పాటి మట్టి మూకుడులో రెండుచోట్ల పెట్టి పూటపూటా మార్చండి. ఉప్పు వెయ్యని పల్చటి మజ్జిగ గంగులుకి ఇష్టం. అందరికీ అరగాలని లేదు, కొద్దిగా పోసి చూడండి. ఒత్తు జుట్టున్న జాతికుక్కకి వేసవి అని గుండు గీయించకండి, ఆ జుట్టు ఎండని కూడా ఆపుతుంది. ఆగివున్న కారులో అద్దం కాస్త దించి "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అనడం కుదరదు.

కుక్కకి మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ఆలస్యం చెయ్యకూడదు. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, తూలడం వడదెబ్బ గుర్తులు. నీడలోకి తెచ్చి మామూలు చల్లటి నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. ఐసునీళ్లు వద్దు. తడిగుడ్డ కప్పి వదిలెయ్యకండి, అది కాసేపటికి వేడెక్కి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కాస్త చల్లబడగానే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేచి కూర్చున్నా సరే వెళ్లాల్సిందే, లోపలి దెబ్బ తర్వాత బయటపడుతుంది.

తిండి

గంగులుకి అన్నం, ఉప్పూకారం లేకుండా ఉడికించి ఎముకలు తీసిన చికెన్, గుడ్డు, గుమ్మడికాయ ముక్కలు. నెలనెలా బరువు చూస్తాను. ఇలా వండిపెట్టే ఇంట్లో కాల్షియం లాంటివి తగ్గకుండా ఏం కలపాలో డాక్టర్‌ని ఒకసారి అడగాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కకీ పిల్లికీ రక్తాన్ని దెబ్బతీస్తాయి. మిగిలిన బిర్యానీ పెట్టకూడదన్నది అందుకే. ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. చాక్లెట్ వద్దు, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్ వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలు పాడుచేస్తాయి, కాబట్టి పాయసం గిన్నె నాకించే ముచ్చట మానుకోవాలి.

పిల్లి సంగతి వేరు. పెరుగన్నంతో బతికేస్తుందని మనవాళ్ల నమ్మకం. దానికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం తప్పనిసరి, అది లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. పెద్దపిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా.

కుట్టు షాపులో పిల్లి

మా ఇంట్లో అసలు టెన్షన్ దారంతోనే. సూది గుచ్చిన దారం పిల్లికి ఆట. దాని నాలుక గరుకు, ముళ్లు లోపలివైపు తిరిగి ఉంటాయి, కాబట్టి నోట్లోకి వెళ్లిన పోగు ఇక ముందుకే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని ఇంకో కొస పేగుల్లోకి పోతే పేగు కుచ్చిళ్లలా ముడుచుకుపోయి తెగుతుంది. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ పోగు వేలాడుతుంటే లాగకండి, కత్తిరించకండి. అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. షాపు కట్టేసేటప్పుడు సూదులన్నీ మూతున్న డబ్బాలోకి, తుక్కంతా చెత్తబుట్టలోకి పోయాకే చిన్నోడు లోపలికి వస్తాడు. సంక్రాంతి రోజుల్లో మేడ మీద తెగిపడిన మాంజా కూడా ఇదే లెక్కన ఏరేస్తాం.

పట్టుచీరల మధ్య పెట్టే కలరా ఉండలు, గట్టి ఫినాయిల్ వాసన ఆరని నేల కూడా ప్రమాదమే. పిల్లి కాళ్లకంటినదంతా నాక్కుంటుంది. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తియ్యగలదు. కుక్కకి కూడా సొంతంగా వెయ్యకండి.

మగపిల్లి ఉన్నవాళ్లు రోజూ ఇసుక ట్రే చూడాలి. పదేపదే వెళ్లి కూర్చుంటూ, ముక్కుతూ, చుక్క పడకుండా లేచి వస్తుంటే మలబద్ధకం అనుకుని ఆముదం తాగించకండి. మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి. ఒక రోజంతా ఏమీ తినకపోయినా డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు బాల్కనీకి వల కట్టించండి, పిల్లి పడదన్నది నిజం కాదు.

పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లే బుట్ట అటక మీద పెట్టకండి. మెత్తటి గుడ్డ వేసి తలుపు తీసి గదిలోనే ఉంచితే అదే వెళ్లి పడుకుంటుంది. అవసరం పడ్డ రోజు యుద్ధం ఉండదు.

టీకాలు

కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి. ఇవి పూర్తయ్యేవరకు వీధికుక్కలు తిరిగే చోట కింద దించకండి, ప్రాణం తీసే పార్వో వైరస్ పొంచి ఉంటుంది. రేబిస్ టీకా మూడు నెలలకి, ఆపైన ఏడాదికోసారి. నట్టల మందు పెద్దకుక్కలకి సుమారు మూడు నెలలకోసారి. 1885లో జూలై 6న ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ ఒక పిల్లవాడికి తొలిసారి రేబిస్ టీకా వేయించాడు. ఇప్పుడు ఏటా ఆ తేదీన మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా వేస్తుంటారు. టీకాలున్న కుక్క గీరినా సరే, గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి మనుషుల ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, సున్నం రాయొద్దు.

దీపావళి

మనకి థౌజండ్‌వాలా పండుగ. గంగులుకి మాత్రం ఏ దిక్కునుంచి వస్తుందో తెలియని దాడి. కొన్ని వారాల ముందునుంచే ఫోనులో టపాకాయల చప్పుడు చాలా సన్నగా పెట్టి, అది మోగుతుండగా చికెన్ ముక్కలు తినిపిస్తాను. వణకనంతవరకే కొంచెం కొంచెంగా పెంచాలి. పండుగనాడు మధ్యాహ్నమే దూరం నడిపించి, వాసనలు చూసుకున్నంతసేపు చూసుకోనిచ్చి, చీకటి పడకముందే తిండి, ఒంటికీ రెంటికీ అన్నీ ముగిస్తాం. వీధివైపు కాకుండా లోపలి గదిలో కిటికీలు మూసి, కర్టెన్ వేసి, ఫ్యానూ టీవీ పెడతాం. మంచం కింద దూరితే దూరనివ్వండి, లాగొద్దు. ఒళ్లోకొస్తే నిమరండి. ఓదారిస్తే భయం ముదురుతుందన్న మాట నమ్మకండి. మరీ గోడలు గీకే కుక్కకి డాక్టర్ ముందుగా బిళ్లలు రాస్తారు. మన నిద్రమాత్రలు మాత్రం వద్దు.

మెడపట్టీకి ఫోన్ నంబర్ రాసిన బిళ్ల తప్పకుండా ఉండాలి. బెదిరిన కుక్క గేటు తెరిచి ఉంటే ఎటు పరిగెత్తిందో కూడా తెలియదు. మర్నాడు పొద్దున కాలని మందు, బూడిద ఊడ్చాకే బయటికి తీసుకెళ్తాను.

ఊరెళ్లేటప్పుడు

మా ఆయనా నేనూ పెళ్లికో పేరంటానికో వెళ్లాల్సి వస్తే ఎదురింటి అబ్బాయి వచ్చి చూస్తాడు. అతని కోసం ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటిస్తాను. ఏ పూట ఎంత పెట్టాలి, ఏవి పెట్టకూడదు, ఇద్దరి బరువు, చివరి టీకా తేదీ, మా డాక్టర్ నంబర్, రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ఎక్కడికి వెళ్లాలి. మాకయితే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి కూడా అందుబాటులోనే ఉంది, దాని వేళలు రాస్తాను. కుక్కలని ఎక్కించుకునే ఆటో అతని నంబర్ ఉంటుంది, అందరూ ఎక్కించుకోరు. ఇన్వర్టర్ మీద ఏ గది ఫ్యాన్ తిరుగుతుందో రాసి, రెండువేల రూపాయలు ఉన్న కవరు కాగితం వెనకే క్లిప్పు పెట్టి ఉంచుతాను.