చరిత్రలో ఈ రోజు – మూడో పాఠం: తేదీని గీటురాయి మీద పెట్టడం

గత పాఠంలో నవంబరు 1న జరిగాయని చెప్పే సంఘటనలను దొరికినవి దొరికినట్టు కార్డుల మీద రాసుకోమన్నాం. సంఘటనకో కార్డు. ఇప్పుడు వాటన్నిటినీ ముందేసుకోండి. ఈ పాఠంలో కొత్తగా ఏదీ సేకరించం. ఉన్న ప్రతి తేదీనీ పరీక్షిస్తాం. బడి నోటీసు బోర్డు కోసమైనా, పత్రికలో రోజువారీ శీర్షిక కోసమైనా ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. సంఘటన నిజమే, సంవత్సరమూ నిజమే, రోజు మాత్రం వేరు! "ఈ రోజు" అన్న మాట మీద నిలబడే శీర్షికలో రోజే తప్పితే ఇక మిగిలేది ఏమీ లేదు.

ప్రతి కార్డునూ మూడు ప్రశ్నలు అడగండి. ఈ తేదీ సంఘటనలో ఏ దశకు చెందింది? ఏ ఊరి గడియారం ప్రకారం? ఏ క్యాలెండర్ ప్రకారం? జవాబులు కార్డు వెనక పెన్సిల్‌తో రాయండి. మూడింటికీ జవాబు దొరకని కార్డును పక్కన పెట్టండి, పారేయొద్దు. ఆధారం దొరికాక మళ్లీ పనికొస్తుంది.

ఏ దశ?

తెలుగువాళ్లకు నవంబరు 1 అనగానే గుర్తొచ్చేది 1956, ఆంధ్రప్రదేశ్ అవతరణ. దాని వెనక కనీసం మూడు తేదీలున్నాయి. పెద్దమనుషుల ఒప్పందం ఆ ఏడు ఫిబ్రవరి 20న కుదిరింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆగస్టు 31న వచ్చింది. అది అమల్లోకి వచ్చింది నవంబరు 1న. మూడూ సరైన తేదీలే, అయితే వాటి క్రియలు వేరు. "ఏర్పడింది" అని రాస్తే అమల్లోకి వచ్చిన రోజే వేయాలి. "ఆమోదించారు", "సంతకాలు చేశారు", "ప్రకటించారు" అన్న మాటలకు వాటి వాటి రోజులున్నాయి. వాక్యం రాశాక క్రియ కింద గీత గీసి, తేదీ ఆ క్రియదేనా అని చూసుకోండి. ఈ ఒక్క అలవాటుతో సగం తప్పులు ఆగిపోతాయి.

తెలంగాణ మరీ మంచి ఉదాహరణ. 2014లో బిల్లును ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అపాయింటెడ్ డే, అంటే చట్టం ప్రకారం రాష్ట్రం ఉనికిలోకి వచ్చే రోజు, జూన్ 2. నాలుగు రోజుల పేజీల్లోనూ దీనికి చోటుంది, కానీ "ఏర్పడింది" అన్న క్రియ జూన్ 2కే చెందుతుంది.

అన్నిటికన్నా చిక్కైన కార్డు యానాంది. చాలాచోట్ల "1954 నవంబరు 1న యానాం భారత్‌లో విలీనమైంది" అని కనిపిస్తుంది. అసలు వరుస చూడండి. 1954 జూన్ 13న యానాం పాలనను విలీనవాదులు తమ చేతుల్లోకి తీసుకున్నారు. అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటేశారు. ఓటు హక్కున్న 178 మందిలో 170 మంది విలీనానికే మొగ్గారు. అక్టోబరు 21న భారత్, ఫ్రాన్స్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నవంబరు 1న పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంల పాలన భారత్ చేతికి వచ్చింది. అప్పగింత సంధి మీద సంతకాలు జరిగింది 1956 మే 28న. చట్టపరంగా పూర్తిగా బదిలీ అయింది 1962 ఆగస్టు 16న. కాబట్టి నవంబరు 1 పేజీలో "విలీనం" అన్న మాట వాడొద్దు. "పాలన భారత్ చేతికి వచ్చింది" అనండి. ఆ ప్రాంతంవాళ్లు చదివితే ఈ తేడా వెంటనే పట్టుకుంటారు. అది వాళ్ల ఊరి చరిత్ర, సరిగ్గా రాయించుకునే హక్కు వాళ్లకుంది.

ఐరోపా సమాఖ్య కార్డుదీ ఇదే సంగతి. మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద 1992 ఫిబ్రవరి 7న సంతకాలు జరిగాయి, 1993 నవంబరు 1న అది అమల్లోకి వచ్చింది.

ఇక్కడే ఇంకో సంగతి తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌తోపాటు కేరళ, విస్తరించిన మైసూరు, కొత్త మధ్యప్రదేశ్ కూడా 1956 నవంబరు 1నే వచ్చాయి. ఇది కాకతాళీయం కాదు, అన్నిటికీ మూలం ఒకే చట్టం. కనుక నాలుగు కార్డులనూ కలిపి ఒక్క నమోదు చేయండి. 1966లో హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్ కూడా నవంబరు 1నే ఏర్పడ్డాయి. వాటి చట్టాలు వేరు, కాబట్టి నమోదులూ వేరు. ఛత్తీస్‌గఢ్ రాసేటప్పుడు చెయ్యి ఊరికే ఉండక "ఉత్తరాఖండ్, జార్ఖండ్‌లతోపాటు" అని చేరుస్తుంది. అది తప్పు. ఆ నెలలోనే అయినా ఉత్తరాఖండ్ (అప్పటి పేరు ఉత్తరాంచల్) 9న, జార్ఖండ్ 15న వచ్చాయి.

ఏ గడియారం?

1952లో అమెరికా తొలి హైడ్రోజన్ బాంబు పరీక్షకు కొన్ని పుస్తకాల్లో అక్టోబరు 31 అని, కొన్నిటిలో నవంబరు 1 అని ఉంటుంది. రెండూ ఒకే క్షణం. పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవుల్లో అప్పుడు నవంబరు 1 ఉదయం 7.15. గ్రీనిచ్ కాలమానంలో అక్టోబరు 31 రాత్రి 7.15. వాషింగ్టన్‌లో ఇంకా 31 మధ్యాహ్నమే. మనకు నవంబరు 1 అర్ధరాత్రి దాటి 12.45. నియమం ఇది: సంఘటన జరిగిన చోటి తేదీయే వేయాలి. కాబట్టి ఈ కార్డు నవంబరు 1లో నిలుస్తుంది. చంద్రుడి మీద మాత్రం స్థానిక తేదీ అంటూ లేదు. అలాంటప్పుడు "భారత కాలమానం ప్రకారం" అని స్పష్టంగా రాసేయాలి.

ఏ క్యాలెండర్?

పాత జూలియన్ క్యాలెండర్‌లో 1582 అక్టోబరు 4 తర్వాతి రోజును రోమ్, స్పెయిన్, పోర్చుగల్ అక్టోబరు 15గా లెక్కించాయి. ఇదే గ్రెగోరియన్ క్యాలెండర్. బ్రిటన్ 1752లో మారింది. అక్కడ సెప్టెంబరు 2 తర్వాత 14 వచ్చింది. రష్యా 1918 జనవరి 31 నుంచి నేరుగా ఫిబ్రవరి 14కు వెళ్లింది. జూలియన్ తేదీకి కలపాల్సిన రోజులు 1500 నుంచి 1700 ఫిబ్రవరి చివరిదాకా 10, ఆ తర్వాత 1800 దాకా 11, 1900 దాకా 12, అప్పటి నుంచి 13.

ఇప్పుడు కార్డులు చూడండి. 1755 లిస్బన్ భూకంపానికి దిద్దుబాటు అక్కర్లేదు, పోర్చుగల్ అప్పటికే మారింది. రష్యా చక్రవర్తి మూడో అలెగ్జాండర్ మరణం రష్యన్ కాగితాల్లో 1894 అక్టోబరు 20. దానికి 12 కలిపితే నవంబరు 1. మీ కార్డులో నవంబరు 1 అని ఉంటే దిద్దుబాటు అప్పటికే జరిగిందన్నమాట. మళ్లీ 12 కలిపి 13 చేయకండి. కొత్తగా నేర్చినవాళ్లు తరచూ చేసే తప్పు ఈ రెండోసారి కలపడమే. అందుకే కార్డు మీద తేదీ పక్కనే "జూ" అనో "గ్రె" అనో రాయాలి.

1582కు ముందువాటిని అసలు మార్చకండి, జూలియన్ తేదీనే వేయండి. సిస్టీన్ చాపెల్ పైకప్పు చిత్రాలు జనానికి చూపింది 1512 నవంబరు 1న. అది క్రైస్తవుల సర్వపవిత్రుల పండుగ రోజు. పది రోజులు కలిపితే ఆ పండుగ నుంచి జారిపోతుంది.

మద్రాసు కాగితాలు వాడేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 1746లో సెయింట్ జార్జి కోట ఫ్రెంచివాళ్లకు లొంగిన రోజు ఇంగ్లిషు రికార్డుల్లో సెప్టెంబరు 10, ఫ్రెంచి రికార్డుల్లో సెప్టెంబరు 21. పదకొండు రోజుల తేడా, కోట పడింది ఒక్కసారే. పైగా 1752కు ముందు ఇంగ్లిషువాళ్ల అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ కాగితాల్లో జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీల్లో సంవత్సరం ఒకటి తక్కువగా ఉండవచ్చు.

వారంతో సరిచూడటం

ఆధారంలో వారం పేరు ఉంటే మీ అదృష్టమే. గ్రెగోరియన్‌లో వారాలు 400 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1901 నుంచి 2099 లోపల 28 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1956కు 56 కలిపితే 2012. ఫోన్ క్యాలెండర్‌లో 2012 నవంబరు 1 గురువారం, కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ గురువారమే. విక్టోరియా రాణి ప్రకటన వెలువడిన 1858 నవంబరు 1కి 28 పనిచేయదు, మధ్యలో లీపు సంవత్సరం కాని 1900 అడ్డొస్తుంది. 400 కలిపి 2258లో చూడండి, సోమవారం.

ఈ పద్ధతి శాసనాలకు ఎలా పనికొస్తుందో చూడటానికి ఒక్కసారి నవంబరు 1 దాటి వెళ్దాం. తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి శాసనం కృష్ణదేవరాయల మరణాన్ని శక 1451, విరోధి, కార్తీక శుద్ధ 15, చంద్రగ్రహణం నాడు అని చెబుతుంది. పరిశోధకులు దీన్ని 1529 అక్టోబరు 17, ఆదివారం అని లెక్కగట్టారు. మీరే పరీక్షించండి.

మొదట శక సంవత్సరానికి 78 కలపండి: 1529. (జనవరి నుంచి ఉగాది దాకా అయితే 79.) తర్వాత సంవత్సరం పేరు. అరవై ఏళ్ల చక్రం కాబట్టి 1529కి 480 కలిపితే 2009. ఆ ఉగాదికి మొదలైంది విరోధే. పేరు కలవకపోతే శాసనం గత శకాన్ని (గడిచిన ఏళ్ల లెక్క) చెప్పిందో, వర్తమాన శకాన్ని (నడుస్తున్న ఏడు లెక్క) చెప్పిందో చూడాలి. ఆ తేడా ఒక ఏడాది. ఆఖరున వారం. 1529కి 400 కలిపితే 1929. ఫోన్ అంత వెనక్కి వెళ్లకపోతే ఇంకో 84 కలిపి 2013లో చూడండి. అక్టోబరు 17 గురువారం వస్తుంది. కంగారు పడకండి. అది జూలియన్ తేదీ, పది రోజులు కలిపి 27 చూడండి: ఆదివారం. లెక్క కుదిరింది. కార్డు మీద "17, జూ" అని రాసి అక్టోబరు 17 కట్టలో పెట్టండి.

పుట్టినరోజులకు ఇంత శ్రమ అక్కర్లేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897), వి.వి.ఎస్. లక్ష్మణ్ (1974) కార్డులు నేరుగా నిలుస్తాయి. పాత తరంవాళ్ల విషయంలో మాత్రం బడి రికార్డులో జూన్ 1 అనో జూలై 1 అనో ఉంటే, అది చేర్చుకున్నప్పుడు మాస్టారు వేసిన తేదీ అయి ఉండవచ్చు. జాతక చక్రమో, ఇంట్లో రాసిన తిథో దొరికేదాకా ఆగండి.

పరీక్ష నెగ్గిన కార్డుల్లోంచి బోర్డుకు ఐదారు చాలు. ఒక్కోటి ఇరవై మాటలు దాటొద్దు. ముందు సంవత్సరం, తర్వాత చోటు, చివర క్రియ. ఇలా:

1954 – పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంల పాలన ఫ్రాన్స్ నుంచి భారత్ చేతికి వచ్చింది.

1952 – పసిఫిక్‌లోని ఎనివెటాక్‌లో అమెరికా తొలి హైడ్రోజన్ బాంబును పరీక్షించింది (స్థానిక తేదీ).

వచ్చే పాఠంలోగా చేయాల్సినవి

పొట్టి శ్రీరాములు దీక్షకు 1952 అక్టోబరు 19, డిసెంబరు 15, డిసెంబరు 19 తేదీలు కనిపిస్తాయి. ఒక్కోదానికి సరైన క్రియ రాయండి. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు పోయారనే మాటను ఇంగ్లండ్, స్పెయిన్ క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి పరీక్షించండి. రష్యా అక్టోబరు విప్లవానికి నవంబరు 7 ఎలా వచ్చిందో లెక్క వేసి చూపండి. నాలుగో పాఠంలో నిజాం కాలం కాగితాల్లోని హిజ్రీ, ఫసలీ తేదీలు చేపడతాం. హిజ్రీలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, సాయంత్రం జరిగిన సంఘటనల కార్డులు మీ దగ్గర ఏమైనా ఉంటే వాటికి గుర్తు పెట్టి ఉంచండి.