ఇసుకలో కాపర్ స్లాగ్ ఎంత కలపాలి, ఎలా కలపాలి

రాగి కరిగించే కొలిమి నుంచి వచ్చే చిట్టెమే కాపర్ స్లాగ్. నల్లగా, గాజులా మెరిసే గింజ. ఇసుక, కంకరలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383:2016 ప్రకారం ఇసుక బదులు స్టీలు ఉన్న కాంక్రీటులో 35 శాతం వరకు, స్టీలు లేనిదాంట్లో 40 శాతం వరకు వాడొచ్చు.

అందరూ తప్పేది తూకం దగ్గర. ఇసుక సాంద్రత నీటికి 2.65 రెట్లు ఉంటే దీనిది దాదాపు 3.5 రెట్లు. కేజీకి కేజీ మారిస్తే ఘనపరిమాణం తగ్గిపోతుంది. ఎం20 గ్రేడు కాంక్రీటులో 50 కేజీల బస్తా సిమెంటుకు 83 కేజీల ఇసుక, 167 కేజీల 20 ఎంఎం కంకర అనుకుందాం. 35 శాతం అంటే 29 కేజీల ఇసుక తీసేసి, 38 కేజీల స్లాగ్ వేయాలి.

పొడిగా ఉన్న ఇసుక, స్లాగ్ ముందే కలిపి, తర్వాత సిమెంటు, కంకర వేసి మిల్లర్‌లో కనీసం 2 నిమిషాలు తిప్పండి. నీళ్లు 25 లీటర్లతో మొదలుపెట్టండి, 30 దాటొద్దు. స్లాగ్ గింజ నీరు దాదాపు పీల్చదు. మేస్త్రీ పాత అలవాటుతో ఇంకో బకెట్ పోశాడంటే స్లాబ్ మీద నీరు తేలుతుంది, బరువైన స్లాగ్ అడుగుకు దిగుతుంది, పైపొర గోరుతో గీకినా రాలుతుంది. వైబ్రేటర్ కూడా ఎక్కువసేపు పెట్టొద్దు.

పెయింట్ గీకడానికి బ్లాస్టింగ్‌లో (గాలి ఒత్తిడితో గింజల్ని చిమ్మే పనిలో) వాడేసిన స్లాగ్ చవకగా దొరుకుతుంది. దాని జోలికి పోవద్దు, రంగు పెచ్చులు ఉంటాయి. స్లాబ్‌కు ముందు ఇదే కాంక్రీటుతో 150 ఎంఎం క్యూబులు పోసి, 7, 28 రోజులకు పగలగొట్టించి బలం చూడండి.