సరిహద్దు క్లినిక్‌లో ఓపీ చీటీ నుంచి కంప్యూటర్‌కి

క్లినిక్ రికార్డులు కాగితం నుంచి కంప్యూటర్‌కి మారుస్తుంటే, పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించాలన్న ఆలోచన మొదటే మానుకోండి. బీపీ, షుగర్, మూర్ఛ, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధి) రోగులు ఎలాగూ మళ్లీ వస్తారు. వచ్చిన రోజే వాళ్ల మందులు, పడని మందులు, చివరి పరీక్షలు ఎక్కించండి.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో, పర్లాకిమిడి, రాయగడ వైపు రికార్డు ఎక్కువగా చెడేది పేరు రాసే బల్ల దగ్గరే. తెలుగులో ఇంటిపేరు ముందు, ఒడియాలో వెనక. లక్ష్మికి ఇంగ్లీషులో ఒకచోట కె-ఎస్-హెచ్, ఇంకోచోట ఎక్స్. వెంకటరావు ఇంకో కాగితంలో బెంకటరావు కావచ్చు. అలా ఒకే మనిషికి రెండు ఫైళ్లు పుడతాయి. పెన్సిలిన్ పడదన్న మాట ఒకదాంట్లో ఉంటుంది, డాక్టరు తెరిచేది రెండోది. అందుకే కొత్త ఫైలు తెరిచే ముందు ఫోన్ నంబరుతో వెతకాలి. ఒకే ఫోన్ ఇంటిల్లిపాదికీ ఉంటుంది గనుక పుట్టిన సంవత్సరం, ఊరు, తండ్రి లేదా భర్త పేరు కూడా సరిచూడాలి. పుట్టిన తేదీ తెలియకపోతే సంవత్సరం వేసి 'అంచనా' అని గుర్తు పెట్టండి; వయసు రాస్తే వచ్చే ఏడాదికే తప్పవుతుంది. 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వ ఆరోగ్య ఐడీ) ఉంటే తీసుకోండి, లేదని వైద్యం ఆపకండి.

సికిల్ గడిలో 'పాజిటివ్' అని వదిలేయడం ప్రమాదం. తొలి వడపోతకి చేసే సాల్యుబిలిటీ పరీక్ష ట్రెయిట్‌నీ (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు రావడం) వ్యాధినీ విడదీయలేదు. హెచ్‌పీఎల్‌సీ, ఎలక్ట్రోఫోరెసిస్ అనే ల్యాబ్ పరీక్షలు విడదీస్తాయి. ఏ పరీక్షో తేదీతో సహా రాయండి. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్నవాళ్లకి ప్రైమాక్విన్ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. అందుకే వైవాక్స్ రకం మలేరియాకి అది రాసేటప్పుడు కంటపడేలా జీ6పీడీ పరీక్ష ఫలితం పైనే ఉండాలి. పిల్లల సిరప్‌కి మి.లీ. ఒక్కటే చాలదు: పారాసిటమాల్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సీసా, 250 ఉన్న సీసా రెండూ దొరుకుతాయి. బిడ్డ బరువు, సిరప్ బలం, ఎన్ని మి.లీ. అన్నవి మూడూ ప్రింట్‌లో రావాలి.

నెట్ లేకున్నా నడిచే సాఫ్ట్‌వేరే కొనండి. డేటా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి (వేరే ఫైలుగా బయటికి తీసి) చూపించమని కొనేముందే అడగండి. యూపీఎస్‌కి రౌటర్‌నీ తగిలించండి. అన్నీ ఆగిపోయిన పూటకి నంబర్లు వేసిన చీటీల ప్యాడ్ ఉండాలి, అవి ఆ సాయంత్రమే ఎక్కాలి. బ్యాకప్ రోజూ తీయండి, ఒక కాపీ క్లినిక్ బయట ఉంచండి. నెలకోసారి ఆ కాపీలోంచి ఒక ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

రోగిని విశాఖ కేజీహెచ్, బరంపురం ఎంకేసీజీ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకి పంపేటప్పుడు ఇంగ్లీషులో ఒక పేజీ సారాంశం ఇవ్వండి. మందుల వేళలు మాత్రం రోగి చదివే భాషలో, తెలుగో ఒడియానో. రికార్డు కావాలని రోగి అడిగితే 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.