చైనా ఇంట్లో ఏం జరుగుతోందో చూశాకే కొరియా వార్త చదవండి

దక్షిణ కొరియాలో ఇంచియాన్ రేవు దగ్గర చిన్న దిగుమతి కంపెనీలో 2015 నుంచి డాక్యుమెంట్ల పని చూస్తున్నాను. మా సరుకంతా చైనాలోని షాన్‌డాంగ్ నుంచి, వేహై, చింగ్‌దావ్ రేవుల మీదుగా వస్తుంది. రెండు దేశాలకీ మాట పట్టింపు వస్తే మొదట ఆగేది మా కంటైనరే. ఒకప్పుడు ప్రతి వార్తకీ టెన్షన్ పడేవాణ్ణి. పోను పోను వార్త చదివే పద్ధతి ఒకటి కుదిరింది. చదువుకోడానికో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చే మన పిల్లలు అడిగితే చెప్పేది ఇదే.

వార్త కనిపించగానే ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది కొరియా మీద కోపమా, చైనా ఇంట్లో ఇబ్బందా? తెలుసుకోవడం కష్టమేమీ కాదు. దెబ్బ కొరియా ఒక్కదానికే తగిలిందా, కొనేవాళ్లందరికీ తగిలిందా చూడండి.

నేను ఈ పాఠం నేర్చుకున్నది యూరియా దగ్గర. 2021 అక్టోబర్ 15న చైనా కస్టమ్స్ యూరియాతో కలిపి 29 రకాల ఎరువుల సరుకుకి ఎగుమతికి ముందు తనిఖీ తప్పనిసరి చేసింది. కొరియాలో కొత్త డీజిల్ లారీలు పొగని శుభ్రం చేసే యూరియా ద్రావణం లేనిదే కదలవు. పరిశ్రమల్లో వాడే యూరియాలో దాదాపు 97 శాతం చైనా నుంచే వచ్చేది. నవంబర్‌కల్లా లారీలు బారులు తీరాయి. ఆస్ట్రేలియా నుంచి వైమానిక దళం విమానంలో 27,000 లీటర్లు తెప్పించుకోవాల్సి వచ్చింది. మా ఆఫీసులో అందరూ 'కక్ష' అన్నారు. మాకు సరుకిచ్చే బ్రోకర్ ఒకాయన "రాజకీయం చల్లబడితే అదే వస్తుంది, ఆగండి" అన్నాడు. ఆగాం. మూడు వారాలు పోయాయి. ఈలోగా వియత్నాం సరుకు వేరేవాళ్లు బుక్ చేసేసుకున్నారు.

ఆ ఉత్తర్వులో కొరియా పేరే లేదు. ఆ సెప్టెంబర్‌లో చైనాలో బొగ్గు చాలక ఫ్యాక్టరీలకీ ఇళ్లకీ కరెంటు కోతలు పడ్డాయి. అక్కడ యూరియా ఎక్కువగా తయారయ్యేది బొగ్గుతోనే. ఎరువు ధర పెరిగితే రైతు ఊరుకోడు కాబట్టి ముందు తమ రైతు కోసం దాచుకున్నారు. అలాంటప్పుడు రాజీ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే వేరే దేశంలో సరుకు వెతుక్కోవాలి.

థాడ్ గొడవ దీనికి పూర్తిగా తిరగబడిన కథ. థాడ్ అనే అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థని కొరియాలో పెడతామని, చైనా వద్దంటున్నా, 2016 జూలైలో సియోల్ ప్రకటించింది. 2017 ఫిబ్రవరిలో కొరియా కంపెనీ లొట్టే దానికి తన గోల్ఫ్ మైదానం ఇచ్చింది. మార్చి మధ్యకి చైనా గ్రూప్ టూర్లు ఆగిపోయాయి. చైనాలోని లొట్టే మార్టులకి అగ్నిమాపక తనిఖీల పేరుతో తాళాలు పడ్డాయి. 2016లో 80 లక్షలు దాటిన చైనా పర్యాటకులు మరుసటి ఏడాదికి దాదాపు సగమయ్యారు. సియోల్‌లోని మ్యాంగ్‌డాంగ్ బజారులో క్రీములమ్మే కొట్ల ముందు చైనీస్‌లో పిలిచే అమ్మాయిలు ఒక్కొక్కరే కనబడకుండా పోవడం నేను చూశాను. ఇది సూటిగా కొరియాకి తగిలించిన దెబ్బే.

అయినా ఇక్కడా చైనా ఇంటి లెక్క ఉంది. 2017 అక్టోబర్‌లో చైనా కమ్యూనిస్టు పార్టీ 19వ మహాసభ. దేశ భద్రత విషయంలో మెత్తబడ్డాడన్న మాట పడటం అంతకు ముందు షీ జిన్‌పింగ్‌కి ఇష్టం లేకపోయి ఉంటుంది. మహాసభ 24న ముగిసింది. 31న రెండు ప్రభుత్వాలూ సంబంధాలు చక్కదిద్దుకుంటామని ప్రకటించాయి. నేను ఆ వారం తేడాని ఊరికే వచ్చిందనుకోను. అందుకే గోడ మీది క్యాలెండర్‌లో ఇవి గుర్తు పెట్టుకోండి: మార్చిలో పార్లమెంటు సమావేశాలు, ఆగస్టు మొదట్లో నాయకులు బేదైహె అనే సముద్రతీర విడిదికి వెళ్లే రోజులు, శరత్కాలంలో పార్టీ ప్లీనం (కేంద్ర కమిటీ సమావేశం), అయిదేళ్లకోసారి మహాసభ. వచ్చే మహాసభ 2027లో. ఈ రోజులకి ముందు బీజింగ్ వెనక్కి తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు. తర్వాత చూడండి.

ఎవరు మాట్లాడారన్నది కూడా చూడాలి. చైనా పార్టీ పత్రిక గ్లోబల్ టైమ్స్ ఒక్కటే అరిస్తే నేను ఫైలు ముట్టుకోను. వాణిజ్య శాఖ నుంచో కస్టమ్స్ నుంచో తేదీతో ప్రకటన వస్తే ఆ రోజే ఫోన్లు మొదలుపెడతాను.

ఏ అంకె రావడం ఆగిందో కూడా గమనించండి. 2023 జూన్‌లో చైనా పట్టణాల్లో యువత నిరుద్యోగం 21.3 శాతం. ఆగస్టులో ఆ లెక్క ఇవ్వడమే మానేశారు. 2024 జనవరిలో విద్యార్థుల్ని తీసేసి కొత్త పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టారు. ఇంట్లో ఇరుకైతే చైనా పొరుగువాళ్ల మీద విరుచుకుపడుతుందని చాలామంది అంటారు. ఈసారి నేను చూసింది వేరు. లెక్క ఆపిన ఆ ఆగస్టులోనే కొరియాకి గ్రూప్ టూర్లు మళ్లీ వదిలారు. 2024 నవంబర్‌లో కొరియన్లని వీసా లేకుండానే రానిచ్చారు. ఇళ్ల అమ్మకాలు పడిపోయి, ఉద్యోగాలు దొరక్క, పైగా అమెరికాతో పోరు ఉన్నప్పుడు ఇంకో తగవు వాళ్లకీ బరువే.

సియోల్ ఇంటి రాజకీయమూ చదవాలి. 2000 జూన్‌లో తన వెల్లుల్లి రైతుల కోసం కొరియా చైనా వెల్లుల్లి మీద 315 శాతం సుంకం వేసింది. వారం తిరక్కుండా చైనా అంతకు ఎన్నో రెట్లు విలువైన కొరియా మొబైల్ ఫోన్లు, ప్లాస్టిక్ ముడిసరుకు పాలిథిలీన్ దిగుమతి ఆపింది.

వార్త వచ్చిన రోజే నోట్‌బుక్‌లో తేదీ, మీ అంచనా, దానికి కారణం రాయండి. ఆరు నెలలకి తీసి చూసి, తప్పయితే పక్కనే ఎర్ర ఇంకుతో ఎందుకు తప్పయిందో రాయండి. నా దాంట్లో 2021 నవంబర్ పేజీ సగం ఎర్రగానే ఉంది.