లండన్ వచ్చే పిల్లలకి: మీది కాని డబ్బు మీ అకౌంట్లో పడనివ్వకండి

పోయిన వారం ఈస్ట్‌హామ్‌లో మా ఇంట్లో ఉండే అబ్బాయి సామాన్లకని వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. పది కేజీల బియ్యం బస్తా కౌంటర్ మీదే వదిలేశాడట. కార్డు పని చెయ్యలేదు. నెట్ ప్రాబ్లమేమో అనుకున్నాడు. రాత్రికి యాప్ కూడా తెరుచుకోలేదు. మర్నాడు బ్యాంకుకి ఫోన్ చేస్తే, ఖాతా పరిశీలనలో ఉంది, అంతకు మించి చెప్పలేం అన్నారు. పార్ట్‌టైమ్ జీతం అందులోనే ఉంది, అద్దె డబ్బూ అందులోనే ఉంది.

సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి మీరంతా బ్యాగులు సర్దుకునే టైమ్ కాబట్టి ఇది రాస్తున్నాను. ఆవకాయ ఎలా ప్యాక్ చెయ్యాలి, కుక్కర్ తేవాలా వద్దా, జాకెట్ ఎక్కడ కొనాలి, ఇవి నేను చెప్పను. చెప్పేవాళ్ళు యూట్యూబ్ నిండా ఉన్నారు.

మావాడు చేసిన పని ఇది. వాట్సాప్ గ్రూపులో ఒకాయన "పౌండ్లు ఉన్నాయి, మార్కెట్ కన్నా పౌండుకి రెండు రూపాయలు తక్కువకే ఇస్తా" అని పెట్టాడు. మావాడికి రెండు వేల పౌండ్లు కావాలి. ఊళ్ళో వాళ్ళ నాన్న ఆయన చెప్పిన ఖాతాలో రూపాయలు వేశాడు. అరగంటలో ఇక్కడ పౌండ్లు పడ్డాయి. కాకపోతే ఆయన పేరు మీద కాదు, ముక్కూ మొహం తెలియని ముగ్గురి పేర్ల మీద. డబ్బు వచ్చింది కదా, పేర్లతో మనకేం పని అనుకున్నాడు. ఆ ముగ్గురిలో ఒకరు ఎవరి చేతిలోనో మోసపోయి డబ్బు పంపిన మనిషి. ఆ మనిషి తన బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే జాడ నేరుగా మావాడి దగ్గరికే వచ్చింది. పౌండ్లు ఇచ్చినాయన గ్రూపులో లేడు, నంబరూ పని చెయ్యడం లేదు. ఇంతకీ మిగిల్చుకున్నది నాలుగు వేల రూపాయలు.

దొంగ ఎప్పుడూ దొంగసొమ్ము తన ఖాతాలో పెట్టుకోడు. పాస్‌పోర్టు చూపించి, అడ్రస్ ఇచ్చి తెరిచిన మీలాంటి వాళ్ళ ఖాతా వెతుక్కుంటాడు. అలా దొరికిపోయిన వాళ్ళని ఇక్కడ మనీ మ్యూల్ అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. మూటలో ఏముందో గాడిదకి తెలియకపోవచ్చు, కానీ మూటతో పట్టుబడేది అదే. బ్యాంకు ఖాతా మూసేస్తుంది. సిఫాస్ అనే మోసాల డేటాబేస్‌లో పేరు ఎక్కితే ఆరేళ్ళ వరకు ఉండిపోవచ్చు. అంతకాలం కొత్త ఖాతా తెరవాలన్నా, ఫోన్ కాంట్రాక్టు తీసుకోవాలన్నా కష్టమే. కేసు మనీ లాండరింగ్ దాకా వెళ్ళి నేరం రుజువైతే గరిష్ఠ శిక్ష 14 ఏళ్ళు. అందరూ జైలుకి వెళ్తారని కాదు. అసలు ఖాతానే లేకపోతే రేపు ఉద్యోగం వచ్చినా జీతం ఎక్కడ వేయించుకుంటారు?

అందుకే చెప్తున్నా, మీది కాని డబ్బు మీ అకౌంట్లో పడనివ్వకండి. ఇది వేషం మార్చుకుని వస్తూనే ఉంటుంది. "అన్నా, నా ఖాతా ఇంకా ఓపెన్ కాలేదు, మీ దాంట్లో వేయించుకుంటా" అని ఒకడు వస్తాడు. పాపం అనిపిస్తుంది. అయినా వద్దు. కోర్సు అయిపోయి ఇంటికి వెళ్ళేటప్పుడు ఇంకొకడు, "ఎలాగూ వెళ్ళిపోతున్నావ్ కదా, కార్డూ యాపూ నాకిచ్చెయ్, రెండొందల పౌండ్లు ఇస్తా" అంటాడు. నువ్వు ఇండియాలో ఉంటావు, నీ పేరు ఇక్కడ నేరం చేస్తుంటుంది.

ఫీజు విషయంలో దీనికి అన్నయ్య ఒకడున్నాడు. "యూనివర్సిటీ ఫీజు నేను కడతా, నువ్వు అయిదు శాతం తగ్గించి నాకివ్వు" అంటాడు. కడతాడు కూడా. పోర్టల్‌లో పెయిడ్ అని కనిపిస్తుంది. కట్టింది దొంగ కార్డుతో. కొన్ని వారాల తర్వాత ఆ పేమెంట్ వెనక్కి పోతుంది. నీ డబ్బూ పోయింది, ఫీజు బాకీ అలాగే ఉంది.

సరైన దారి విసుగ్గానే ఉంటుంది. ఇండియాలో బ్యాంకు నుంచి గానీ ఆర్‌బీఐ అనుమతి ఉన్న ఫారెక్స్ (విదేశీ డబ్బు మార్చే) సంస్థ నుంచి గానీ అమ్మానాన్నల పేరు మీదే పంపించాలి. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ మీద పంపే ఫీజుకి టీసీఎస్ (పంపేటప్పుడే పట్టుకునే పన్ను) లేదు, సొంత డబ్బయినా ఏడాదికి పది లక్షల దాకా లేదు. ఇక్కడ ఖాతా తెరిచేదాకా ఫారెక్స్ కార్డుతో నెట్టుకురండి.

గది: చూడకుండా డబ్బు పంపొద్దు. గది పట్టి ఉంచడానికి ఒక వారం అద్దె కన్నా ఎక్కువ అడగకూడదు. డిపాజిట్ మామూలుగా అయిదు వారాల అద్దె దాటకూడదు. ఇల్లు మీ పేరు మీద తీసుకుంటే, ఆ డిపాజిట్‌ని ఓనరు 30 రోజుల్లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కీములో పెట్టాలి. మనవాళ్ళు ఇచ్చే షేరింగ్ గదుల్లో ఇవన్నీ ఎవరూ పట్టించుకోరు, తెలుసు. కనీసం మెసేజ్‌లో అయినా రాయించుకోండి.

పని: డిగ్రీ, మాస్టర్స్ వాళ్ళకి టర్మ్ నడుస్తున్నంత కాలం వారానికి 20 గంటలే. సోమవారం నుంచి ఆదివారం దాకా, అన్ని ఉద్యోగాలూ కలిపి. మాస్టర్స్ వాళ్ళకి డిసర్టేషన్ రాసే వేసవి సెలవుల కింద రాదు, చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. సొంతంగా చేసే పని ఏదీ స్టూడెంట్ వీసా మీద కుదరదు. అంటే ఇంకొకరి డెలివరీ అకౌంట్ అద్దెకి తీసుకుని తిరగడం కూడా కుదరదు. ఆ జీతం ముందు ఎవడి ఖాతాలో పడి నీ దగ్గరికి వస్తుందో ఒకసారి ఆలోచించుకో.

ఇక వరసగా చెప్పేస్తా.

పాస్‌పోర్టు ఎవరి దగ్గరా పెట్టొద్దు. ఇక్కడ ఉద్యోగం, పన్నుల లెక్కకి ఉండే నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఉచితం, ఎవడికీ పైసా ఇవ్వొద్దు. వీసాలు చూసే హోమ్ ఆఫీస్ నుంచి అని ఫోన్ చేసి డబ్బు అడిగితే కట్ చెయ్యి. ఇండియన్ హైకమిషన్ అన్నా కట్ చెయ్యి. మొదటి వారంలోనే జీపీ (పేటలోని ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకో, ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి కట్టే వచ్చావు. రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడకు, ఈ-బైక్ మీద వచ్చి లాక్కుపోతారు. బ్యాంకు యాప్ ఉన్నది ఆ ఫోన్‌లోనే. ఈ-బైక్ బ్యాటరీ మెట్ల దగ్గర ఛార్జింగ్ పెట్టకు, పెట్టనివ్వకు. మంటలొస్తే బయటపడే దారి అదే. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, ఆ నెల్లో ఒక్కడివే గదిలో మూలన కూర్చోకు. ప్రాణం మీదికి వస్తే 999. ఒంట్లో బాగోకపోతే 111. చాలా బ్యాంకులకి 159. ఓటీపీ చెప్పకు. కార్డు ఇవ్వకు. రూమ్మేట్‌కి కూడా.

తెలియని డబ్బు ఖాతాలో పడిందా? ఖర్చు పెట్టకు. "పొరపాటున వేశాం, ఈ నంబరుకి పంపెయ్" అంటే అస్సలు పంపకు, వాళ్ళకి కావాల్సిందే అది. నీ బ్యాంకుకి నువ్వే ఫోన్ చేసి ఇది నాది కాదు అని చెప్పు. వాళ్ళు తీసేదాకా ముట్టుకోకు.

ఇది నువ్వొక్కడివే చదివితే సరిపోదు. ఈ రాత్రి నాన్నకి చదివి వినిపించు. అక్కడ రూపాయలు వేసేది ఆయనే.